ఐదో అడుగు దగ్గర ఆగిపోయిన మనిషి: పుస్తకాల్లో టాంగో నేర్చుకున్న ఒక విద్యార్థి కేస్ స్టడీ

మొదటి క్లాసులో అతను నా ఎదురుగా నిలబడ్డాడు. ఎడమ చెయ్యి ఎత్తి నా కుడి చెయ్యి అందుకున్నాడు. కుడి చెయ్యి నా వీపుకి ఆనించాడు. పెదాలు పెద్దగా కదలకుండా లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదు దగ్గర ఆగిపోయాడు. నేనూ ఆగాను. స్పీకర్‌లో దీ సర్లి అనే పాతకాలపు టాంగో ఆర్కెస్ట్రా తన మానాన తను సాగిపోతోంది.

"అక్కా, ఐదు," అన్నాడు.

"అయితే?"

"ఇక్కడ మీరు ఎడమ కాలు తెచ్చి కుడి కాలి ముందు క్రాస్ వెయ్యాలి. పుస్తకంలో ఉంది."

"నువ్వు చేయించలేదుగా. చేయిస్తే వేస్తాను."

ఏడాదిన్నర చదువు ఆ ఒక్క మాటతో కదిలిపోయినట్టు చూశాడు పాపం. ఆ తర్వాత ఏడు వారాలు, 20 క్లాసులు ఇద్దరం చేసిన పని ఏమిటంటే, పుస్తకంలో ఉన్న ఆ ఐదుకీ ఒంట్లో ఉండాల్సిన ఐదుకీ మధ్య దూరం తగ్గించడమే. అది ఎలా సాగిందో, ఎక్కడ నేను తప్పు చేశానో రాస్తున్నాను. అతని అనుమతి తీసుకున్నాను, పేరు మాత్రం రాయడం లేదు.

నాది తెనాలి. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు కూచిపూడి నేర్చుకున్నాను. మా ఆయన ఉద్యోగంతో పాటు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వచ్చి 14 ఏళ్లయింది. ఇక్కడ అల్మాగ్రో అనే పేటలో, చెక్క ఫ్లోరు ఉన్న ఒక పాత ఇంటి హాల్లో, కొత్తవాళ్లకి ఇక్కడి జంట నాట్యం టాంగో నేర్పుతాను. లీడ్ అంటే జంటలో నడిపించడం, ఫాలో అంటే ఆ కదలికని బట్టి నడవడం, రెండూ చేస్తాను. అతనిది వరంగల్, ఉంటున్నది హైదరాబాద్ కూకట్‌పల్లిలో. వయసు 34. ఐటీ ఉద్యోగం, ప్రాజెక్టు పని మీద ఏడు వారాలకి ఇక్కడికి పంపారు. అంతకుముందు అంతా నైట్ షిఫ్టులు. క్లాసులు జరిగే వేళకి ఇతను లాగిన్ అవుతాడు. అందుకని మూడు ఇంగ్లిష్ పుస్తకాలు కొనుక్కుని, ఇంట్లో మంచం పక్కకి జరిపి, ఒక్కడే మొదలుపెట్టాడు.

ఆ మూడు పుస్తకాల గురించి కొంచెం చెప్పాలి. మొదటిది పాత పుస్తకాల షాపులో కొన్నది. అడుగుల బొమ్మలు వేసి, కుడి ఎడమలు గుర్తుపెట్టి, బాణాలు గీసినది. అది అసలు అర్జెంటీనా టాంగోనే కాదు! మూడు నెలలు సాధన చేశాక గానీ ఆ సంగతి అతనికి తెలియలేదు. 1913 ప్రాంతంలో పారిస్, లండన్, న్యూయార్క్ నగరాలకి టాంగో పిచ్చి పట్టినప్పుడు అడుగులు నేర్పే పుస్తకాలు కూడా అచ్చయ్యాయి. ఆ తర్వాత 1920లలో ఇంగ్లండ్‌లో డాన్స్ మాస్టర్లు కూర్చుని దానికి కొలతలు పెట్టి బాల్‌రూమ్ టాంగో అనే వేరే నాట్యం చేసేశారు. తల చటుక్కున పక్కకి విసరడం, మోకాళ్లు వంచి దూకుడుగా నడవడం, ఇవన్నీ అందులోవి. ఈ ఊళ్లో ఎవరూ తల విసరరు. అతను మాత్రం ప్రతి మలుపు దగ్గరా, ఎవరో వెనక నుంచి పిలిచినట్టు, మెడ తిప్పేవాడు. ఆ అలవాటు పోవడానికే నాలుగు క్లాసులు పట్టింది.

రెండో పుస్తకం మంచిదే. టాంగోలో ఎన్ని ఫిగర్లు, అంటే అడుగులు కలిపి కట్టిన విన్యాసాలు, ఉన్నా అడుగులు మూడే అంటుంది: ముందుకి, పక్కకి, వెనక్కి. 1990లలో ఇక్కడే గుస్తావో నవెయిరా, ఫాబియాన్ సాలస్ లాంటి టాంగో డాన్సర్లు ఒకచోట చేరి స్టెప్పుల్ని విడదీసి, ఏది దేనితో కలుస్తుందో వెతికిన పద్ధతి అది. మావాడు దాన్ని ఎక్సెల్ షీటులో పెట్టాడు. లీడర్ వేసే మూడు అడుగులు, ఫాలో అయ్యేవాళ్లు వేసే మూడు అడుగులు, ఇద్దరూ ఎదురెదురు కాళ్లు వాడే పారలల్ పద్ధతి, ఇద్దరూ ఒకే వైపు పేరున్న కాలు వాడే క్రాస్ పద్ధతి. 3 ఇంటూ 3 ఇంటూ 2, మొత్తం 18 గళ్లు. ప్రతి గడిలో ఏ ఫిగర్ పుడుతుందో రాసుకున్నాడు. ఇక్కడ పదేళ్లుగా డాన్స్ చేస్తున్నవాళ్లలో కూడా చాలామందికి ఈ పట్టిక తెలియదు. నాకే రెండు గళ్లు చూసి ఆలోచించాల్సి వచ్చింది. మూడోది సంగీతం గురించి, దాని మాట తర్వాత.

రెండో రోజు టీ తాగుతూ అడిగాను, పుస్తకాలు చూసి నాట్యం వస్తుందని ఎలా నమ్మావు అని. సమాధానం రెడీగా ఉంది.

"మన పేరిణి ఎట్లొచ్చింది అక్కా? జాయప సేనాని రాసిన నృత్తరత్నావళి చదివి, రామప్ప గుడి శిల్పాలు చూసి నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టలేదా? ఏడు వందల ఏళ్ల నాటి పుస్తకం నుంచి!"

వరంగల్ వాడితో ఈ వాదన పెట్టుకోకూడదు. నిజమే కదా మరి. కాకపోతే, నటరాజ రామకృష్ణ ఆ పుస్తకం తెరిచే నాటికే ఆయన ఒంట్లో ఎన్నో ఏళ్ల నాట్యం ఉంది. పుస్తకంలో మాట చదివితే కాలు దానంతట అది అర్థం చేసుకునే స్థితి. పైగా పేరిణిలో ఇంకో మనిషి నీ ఛాతీకి ఆనుకుని, కళ్లు మూసుకుని, వెనక్కి నడుస్తూ ఉండదు. ఈ మాట అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాయింటే" అన్నాడు.

ఇక అసలు పరీక్ష. నేను కొత్తవాళ్లందరికీ చేసేదే. కౌగిలిలో, అంటే ఇక్కడి మాటలో అబ్రాసోలో, ఇద్దరం నిలబడతాం. అడుగు వెయ్యం. లీడ్ చేసే మనిషి బరువుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి మారుస్తాడు, నేను అతనితో పాటు మారతాను. కళ్లు మూసుకుని చెప్పాలి, నేను ఏ కాలి మీద ఉన్నానో. పదిసార్లలో నాలుగుసార్లు చెప్పగలిగాడు. కళ్లు మూసి గుడ్డిగా చెప్పినా ఐదు వస్తాయి!

తన బరువు సంగతి ఇంకా అన్యాయం. ఇక్కడి కఫేల్లో టేబుల్ మీద సన్నటి, జారుడు కాగితం నాప్కిన్లు పెడతారు. చెయ్యి తుడుచుకోవడానికి ఎందుకూ పనికిరావు, 'వచ్చినందుకు ధన్యవాదాలు' అని మాత్రం అచ్చేసి ఉంటుంది. నేను రెండు పట్టుకొచ్చి, అతను ఎడమ కాలి మీదకి పూర్తిగా మారానన్నప్పుడు కుడి బూటు కింద ఉన్న నాప్కిన్ లాగాను. చిరిగింది. మళ్లీ పెట్టాను. మళ్లీ చిరిగింది. బరువు నిజంగా అవతలి కాలికి వెళ్తే కాగితం చప్పుడు లేకుండా జారి రావాలి. అతని బరువులో పాతిక వంతో పరక వంతో పాత కాలి మీదే ఉండిపోతోంది, అద్దె ఇల్లు ఖాళీ చేసి కూడా తాళం చెవి ఇవ్వనట్టు. పుస్తకంలో 'బరువు మార్చండి' అని మూడు వందల సార్లు ఉండి ఉంటుంది. ఎంత మారిస్తే మారినట్టో తెలియాలంటే ఎవరో ఒకరు కింద కూర్చుని కాగితం లాగాలి. ఆ మొదటి వారంలో తొమ్మిది నాప్కిన్లు పోయాయి.

ఇంకో విచిత్రం. అతని అడుగులన్నీ ఒకే పొడవు. పాట వేగంగా ఉన్నా, నెమ్మదిగా ఉన్నా, నేను హీల్స్ వేసుకున్నా వేసుకోకపోయినా, అంతే. స్కేలు పెట్టి కొలిచినట్టు. ఎందుకని అడిగితే అతనికీ తెలియదు. మూడో క్లాసులో ఇంట్లో సాధన చేసిన వీడియో చూపించాడు. అప్పుడు తెలిసింది. కూకట్‌పల్లి ఫ్లాట్‌లో రెండడుగుల టైల్స్! పుస్తకంలోని పాదాల బొమ్మల్ని కాగితం మీద ప్రింట్ తీసి, టైల్‌కి ఒకటి చొప్పున టేపుతో అంటించాడు. ఏడాదిన్నర పాటు 60 సెంటీమీటర్ల గళ్లలో నడిచాడు. గిరగిరా తిరగాల్సిన ఫిగర్ కూడా నలుచదరంగా, మూలలతో సహా చేసేవాడు. ఆ ఫిగర్ పేరు స్పానిష్‌లో రాసేది గిరో, పలికేది హీరో. అది విన్నప్పటి నుంచి మాత్రం దాని మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాడు.

చెక్క ఫ్లోరు మీద గళ్లు లేవు కాబట్టి అడుగు పొడవు త్వరగానే మారింది. ఐదో అడుగు మాత్రం మొండికేసింది. అది ఎలా జరుగుతుందంటే, మూడు, నాలుగు అడుగుల్లో లీడర్ ఆమెకి కొంచెం పక్కన నడుస్తూ, ఛాతీని మాత్రం ఆమె వైపే తిప్పి ఉంచుతాడు. నడుము పైభాగంలో చిన్న మెలిక. ఐదు దగ్గర ఆ మెలిక విప్పి ఆమెని మళ్లీ తన ఎదురుగా తెచ్చుకుంటాడు. అప్పుడు ఆమె ఎడమ కాలికి కుడి కాలి ముందు నుంచి పోవడం తప్ప వేరే దారి ఉండదు. అదీ క్రాస్. అతను ఛాతీ తిప్పమంటే భుజాలు తిప్పేవాడు. భుజాలతో పాటు చేతులు వచ్చేవి, చేతులతో పాటు నేను తూలేదాన్ని. కుక్కర్ మూత తిప్పినట్టు తిప్పుతున్నావు నాయనా అంటే నవ్వేవాడు గానీ, మళ్లీ అదే.

ఇక్కడే నేను చేసిన తప్పు. పట్టికలో 18 గళ్లూ తెలిసినవాడు కదా, తొందరగా దారిలో పడతాడనుకున్నాను. రెండో శనివారమే మిలోంగాకి తీసుకెళ్లాను. మిలోంగా అంటే ఊరి జనం డాన్స్ చెయ్యడానికి చేరే చోటు. జంటలన్నీ హాలు చుట్టూ గడియారం ముల్లుకి ఎదురుదిశలో నడుస్తాయి, వరస తప్పకూడదు. ఒకే ఆర్కెస్ట్రా పాటలు మూడో నాలుగో కలిపి ఒక తాందా. తాందాకీ తాందాకీ మధ్య కోర్తీనా అనే వేరే తరహా ముక్క ఏదో వేస్తారు, అప్పుడు ఫ్లోరు ఖాళీ అవుతుంది.

పిలుపు చూపుతోనే. దూరం నుంచి చూస్తారు, తల కొంచెం ఆడిస్తారు, అవతలివాళ్లు ఒప్పుకుంటే తలూపుతారు. దాన్ని కబెసేఓ అంటారు. ఇది అతను బాగా చదువుకున్నాడు. కానీ ఒకావిడ అటు నుంచి తల ఊపితే, మనవాడు మన పద్ధతిలో, సరేనండీ అన్నట్టు, తల ఇటూ అటూ వాల్చాడు. ఆవిడకి అది వద్దన్నట్టు కనిపించింది. మొహం తిప్పుకుంది. అలా ఇద్దరు. మూడోసారి నేనే లేచి వెళ్లాను.

పుస్తకాల్లో నేర్పే ఎనిమిది అడుగుల బేసిక్‌లో మొదటి అడుగు లీడర్ కుడి కాలు వెనక్కి వేయడం. బొమ్మలో చూస్తే ముచ్చటగానే ఉంటుంది. మిలోంగాలో వెనక ఇంకో జంట వస్తూ ఉంటుంది కాబట్టి అది రద్దీ రోడ్డు మీద చూసుకోకుండా రివర్స్ గేరు వెయ్యడమే. ఆ అడుగు వెయ్యొద్దని పదిసార్లు చెప్పాను. పాట మొదలవగానే టెన్షన్‌లో ఒంటికి అలవాటైనదే బయటికొచ్చింది. అతని మడమ వెనకున్న ఆవిడ చీలమండకి తగిలింది. చర్మం లేచి రక్తం వచ్చింది. ఆవిడ ఏమీ అనలేదు, కుంటుకుంటూ వెళ్లి కూర్చుంది. ఆవిడతో ఉన్న పెద్దాయన నా వైపు చూశాడు, అతని వైపు కాదు. అర్థమైంది నాకు. తీసుకొచ్చింది నేను.

తర్వాతి రెండు క్లాసులు అతను రాలేదు. ఆఫీసు పని అన్నాడు.

తిరిగొచ్చాక పద్ధతి మార్చాను. "ఇంక నువ్వు లీడ్ చెయ్యొద్దు. మూడు వారాలు ఫాలో అవ్వు" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. ఇది నేను కనిపెట్టింది కాదు. 1930లు, 40లలో ఈ ఊళ్లో కుర్రాళ్లు మగవాళ్ల ప్రాక్తికాల్లోనే, అంటే కలిసి సాధన చేసుకునే చోట్లలోనే, టాంగో నేర్చుకునేవారు. ముందు నెలల తరబడి ఆడవాళ్ల భాగం చెయ్యాలి. పెద్దవాళ్లు వాడిని పట్టుకుని నడిపించేవారు. అది ఒంటబట్టాకే లీడ్, ఆ తర్వాతే మిలోంగా. పుస్తకం చదివి మిలోంగాకి వెళ్లినవాడు ఈ మధ్య మెట్టు మొత్తం దాటేసినట్టు.

మా ప్రాక్తికాకి 78 ఏళ్ల పెద్దాయన ఒకరు వస్తారు. రిటైరైన ప్రింటింగ్ ప్రెస్ పనివాడు. మాటలు తక్కువ. ఆయనకి అప్పగించాను. ఆయన మావాణ్ణి కౌగిలించుకుని, "కామినా" అన్నాడు. నడువు అని. అంతే. అరగంట సేపు హాలు చుట్టూ నడిపించాడు. ఫిగర్ లేదు, క్రాస్ లేదు. మావాడు ముందే ఊహించి కాలు వెనక్కి తీసినప్పుడల్లా ఆయన ఆగిపోయి, "కామినా" అని మళ్లీ మొదలుపెట్టేవాడు. కోపం లేదు, వివరణ లేదు.

మూడో రోజు అనుకుంటాను, పెద్దాయన మూడు, నాలుగు అడుగులు పక్కన నడిచి, ఉన్నట్టుండి ఎదురుగా వచ్చేశాడు. మావాడి ఎడమ కాలు దానంతట అదే కుడి కాలి ముందుకి వచ్చి నిలబడింది. అతను కిందకి చూసుకున్నాడు. ఆ కాలు తనదేనా అన్నట్టు చూశాడు. "అక్కా, నేను లెక్కపెట్టలేదు!" అని అరిచాడు, తెలుగులో, హాలంతా వినపడేలా. పెద్దాయనకి తెలుగు రాకపోయినా అర్థమైంది. బుజం తట్టి, మళ్లీ "కామినా" అన్నాడు.

ఆ రాత్రి అతను రెండో పుస్తకం మళ్లీ తీశాడు. మర్నాడు వచ్చి ఒక మాట అన్నాడు: "ఈ పుస్తకంలో ఎడమ పేజీ నాది, కుడి పేజీ ఆమెది అక్కా. ఏడాదిన్నరలో నేను కుడి పేజీ ఒక్కసారి కూడా చదవలేదు." చూపించాడు. ఎడమ పేజీల మీద ఎర్ర పెన్ను, నీలం పెన్ను, బాణాలు, టీ మరకలు. కుడి పేజీలు షాపులో ఉన్నప్పటిలాగే తెల్లగా ఉన్నాయి.

అక్కడి నుంచి పుస్తకం పనికి రావడం మొదలైంది. ఇది నేను ఊహించలేదు. నా క్లాసుకి ఎవరైనా పుస్తకం తెస్తే మూసి సంచిలో పెట్టమనేదాన్ని. అతని విషయంలో ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఉదాహరణకి, మామూలుగా కొత్తవాళ్లు లీడ్ చేస్తూ చేస్తూ ఎక్కడో ఒక బరువు మార్పు పొరపాటున ఎక్కువ వేసేస్తారు. ఇద్దరి కాళ్ల లెక్క తప్పుతుంది. కంగారుపడి ఆగిపోతారు, సారీ చెప్పి మళ్లీ మొదలుపెడతారు. దాన్నుంచి బయటపడటానికి కొందరికి ఆరు నెలలు పడుతుంది. ఇతనికి ఆరో వారంలో అలా జరిగినప్పుడు ఆగలేదు. ఒక్క క్షణం శ్వాస పట్టాడు, పక్కకి అడుగు వేశాడు, నన్ను వెనక్కి ఓచోలు చేయించాడు, తీరిగ్గా మళ్లీ దారిలోకి వచ్చాడు. ఓచో అంటే ఎనిమిది, పాదం నేల మీద ఎనిమిది అంకె గీసినట్టు పోతుంది. తర్వాత అడిగితే, "క్రాస్ సిస్టంలోకి పడ్డానని తెలిసింది అక్కా. పట్టికలో పద్నాలుగో గడి" అన్నాడు. పట్టిక ఉన్నవాడికి తప్పు కూడా ఒక గడే.

సంగీతం పుస్తకం మాట చెబుతానన్నాను కదా. టాంగో పాటలో బాణీ మామూలుగా ఎనిమిది దెబ్బలకి ఒక వాక్యంలా ముగుస్తుంది. అతను చిన్నప్పుడు కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నాడట. దారియెన్సో ఆర్కెస్ట్రా పాట పెడితే తొడ మీద ఆదితాళం వేసేసేవాడు, ఎనిమిదికి ఎనిమిది సరిపోయేది. దారియెన్సో ఆర్కెస్ట్రాకి కొట్టినపిండే ఆ పదునైన దెబ్బ. 1935లో రొదోల్ఫో బియాజీ పియానో ముందు కూర్చున్నాక అది ఇంకా బిగిసింది. అలాంటి పాటకి లెక్క సరిపోతుంది. దీ సర్లి నడకకి కూడా సరిపోతుంది. పుగ్లియేసే పెట్టగానే అతని తాళం చెల్లాచెదురయ్యేది. ఆ ఆర్కెస్ట్రా ఒకటీ మూడూ దెబ్బల మీద బరువుగా పడుతుంది, దాన్ని యుంబా అంటారు. మధ్యలో కాలాన్ని సాగదీస్తుంది, ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. అక్కడ నిలబడటమే డాన్స్. మావాడు ఆ నిలబడే చోట తొడ మీద వేళ్లు ముడుస్తూ ఉండేవాడు. పుగ్లియేసే మా ఇద్దరి వల్లా కాలేదు, నిజం చెప్పాలంటే. వదిలేశాం.

ఏడో వారం ఆదివారం సాయంత్రం బెల్‌గ్రానో పార్కులో ఉన్న లా గ్లోరియెతాకి వెళ్లాం. ఇనుప స్తంభాల మీద కప్పు వేసిన గుండ్రటి మండపం. ఆరుబయట మిలోంగా, టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. నేను ఈసారి ఏమీ చెప్పలేదు. అతను స్తంభం పక్కన నిలబడి రెండు తాందాలు చూశాడు. మూడోది దీ సర్లి. నా స్నేహితురాలి వైపు చూసి, తల ఒక్కసారి కిందకి ఊపాడు, పక్కకి వాల్చకుండా. ఆవిడ లేచింది.

వెనకడుగుతో మొదలుపెట్టలేదు. కౌగిలిలో నిలబడి బరువు రెండుసార్లు మార్చాడు, వెనక జంట సర్దుకున్నాక పక్కకి కదిలాడు. ఎక్కువ భాగం నడకే. మూడు క్రాస్‌లు, ఒక్క హీరో, అది కూడా ఈసారి గుండ్రంగానే. నాలుగు పాటలు, పన్నెండు నిమిషాలు. పెదాలు చూశాను. రెండో పాటలో మాత్రం ఒకచోట కదిలాయి.

ఇంకా ఉన్నవి ఉన్నాయి. ఎడమవైపు తిరిగేటప్పుడు ఎడమ భుజం లేస్తుంది. రద్దీ పెరిగితే ఊపిరి ఆపేస్తాడు, ఆ సంగతి కౌగిలిలో ఉన్నవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. తల విసురు పోయిందనుకున్నాను గానీ, పాట చివర్లో 'చాన్ చాన్' అని రెండు దెబ్బలు పడగానే ఒకసారి మెడ చటుక్కున తిరిగింది. ఆ పాత పుస్తకాన్ని ఇక్కడే వదిలేసి వెళ్లమన్నాను, వదలలేదు.

అతను వెళ్లి నాలుగు నెలలైంది. పాదాల కాగితాలు పీకేశాడట. భార్యతో కలిసి ఇంట్లో సాధన చేస్తున్నాడు, కుడి పేజీలన్నీ ఆమెకిచ్చాడు. మొన్న ఆమె నాకు మెసేజ్ పెట్టింది: "అక్కా, నమస్తే. ఐదు దగ్గర పుస్తకం చూసి క్రాస్ నేనే వేసేస్తున్నానట, 'నేను చేయించకముందే ఎందుకు వేశావ్' అని ఈయన రోజూ గొడవ. మీరొకసారి ఫోన్ చేసి చెప్పండి."